ఐదు చెక్కులు, ఒక రసీదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడు అన్న మాట కూడా దానికి జతచేసి ఉంటే బాగుండేదని 2019లో మాకు తెలిసివచ్చింది.

ఇరవై ఆరేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో మేము ఏడు అద్దె ఇళ్ళు మారాం. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. చుట్టాలు నాలుగు రోజులు ఉంటే నీళ్ళ గురించి మాట పడాలి. ఏడవ ఇంటి యజమాని తన కొడుక్కి పెళ్ళి కుదిరిందనీ, మూడు నెలల్లో ఖాళీ చేయాలనీ చెప్పిన రోజున మా ఇంటావిడ ఒక్కటే మాట అన్నది: "ఇక సామాను మూటలు కట్టే ఓపిక నాకు లేదండీ. ఎంత చిన్నదైనా సరే, మనదంటూ ఒకటి చూడండి."

మసీదు వెనుక వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. తొంభై గజాల స్థలం, రెండు గదులు, ఒక వసారా, పెరట్లో జామచెట్టు. ధర పదిహేడున్నర లక్షలు. ఆ వీధిలో అటువంటి ఇల్లు ఇరవైకి తక్కువ లేదు. అమ్ముతున్నది అన్నదమ్ములిద్దరు. తండ్రి 2008లో, తల్లి 2015లో అల్లాహ్ సన్నిధికి చేరారు. పెద్దవాడి కాపురం ఆ ఇంట్లోనే. చిన్నవాడు కువైట్‌లో డ్రైవరు.

"ఇంటి పన్ను కొంచెం బాకీ ఉంది మాస్టారూ. అది మీరు చూసుకుంటానంటే ధర తగ్గించాం అనుకోండి" అన్నాడు పెద్దవాడు. నాలుగైదు వేలు ఉంటుందిలే అనుకుని, "సరే, మేము చూసుకుంటాం" అన్నాం. ఇద్దరు పెద్దల ఎదుట లక్ష రూపాయల బయానా చెక్కు ఇచ్చాం. స్టాంపు కాగితం మీద కరారు రాసుకున్నాం. అందులో పన్ను మాటే లేదు. బాకీ ఎంతో మేము అడగనే లేదు. కొనే వస్తువులోని లోపాన్ని ముందే విచారించుకోవాలని మదరసాలో చదువుకున్నవాళ్ళం, పిల్లలకు అదే బోధించేవాళ్ళం. అయినా అడగలేదు. ఆ తప్పు మాదే.

బకాయి లెక్క

మరునాడు పురపాలక కార్యాలయంలో ఆ ఇంటి నంబరు చెప్పి బాకీ లెక్క అడిగాం. గుమాస్తా చీటీ చేతికిచ్చాడు. మొత్తం 54,240 రూపాయలు.

లెక్క ఇలా ఉంది. ఇంటి పన్ను ఆరు నెలలకొకసారి కట్టాలి. ఆ ఇంటికి అర్ధ సంవత్సరానికి 1,200 రూపాయలు. పదేళ్ళుగా, అంటే ఇరవై అర్ధ సంవత్సరాలుగా ఎవరూ కట్టలేదు. అసలు 24,000. ఆలస్యానికి నెలకు 2 శాతం చొప్పున వడ్డీ. అన్నింటికంటే పాత బాకీకి 120 నెలలు, కొత్త బాకీకి 6 నెలలు. అన్నీ కలిపితే వడ్డీ 30,240. అసలు కన్నా వడ్డీయే ఎక్కువ.

ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. నోటీసులు కూడా ఆయన పేరు మీదే వస్తున్నాయి. లోకంలో లేని మనిషి పేరు మీద వచ్చిన నోటీసును ఇంట్లో ఎవరూ తమదనుకోలేదు. తలుపు సందులోంచి లోపలికి తోసినవి తోసినట్టే మూలన పడి ఉన్నాయి.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటి పన్ను బాకీ మనిషిని మాత్రమే పట్టుకుని ఉండేది కాదు, ఇంటినీ పట్టుకుని ఉంటుంది. పురపాలక చట్టాలు ఆ బాకీకి ఇంటి మీదే హక్కు కల్పించాయి. బాకీ సంగతి తెలియక సొమ్మిచ్చి కొన్నవాడి మీద ఆ హక్కు చెల్లదని, చట్టంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప కుదరదని 1971లో అహమ్మదాబాదు నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కాని తెలియదని రుజువు చేసుకోవడానికి కోర్టు మెట్లెక్కాలి. ఈలోగా పేరు మార్పు కోసం వెళితే ముందు బాకీ కట్టి రమ్మంటారు. అమ్మినవాడు ఊరు విడిచి పోవచ్చు. ఇల్లు ఎక్కడికీ పోదు.

అప్పుడప్పుడు ప్రభుత్వాలు వడ్డీలో రాయితీ ఇస్తాయి. హైదరాబాద్ మహానగరంలో 2020లోనూ, 2022లోనూ అసలు మొత్తం ఒకేసారి కట్టినవారికి బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. మా లెక్కకు అటువంటి మాఫీ వర్తించి ఉంటే 27 వేల రూపాయలు మిగిలేవి. కాని మాఫీ వస్తుందని కాచుకుని పన్ను కట్టకపోవడం, వాన వస్తుందని చేదబావి పూడ్చుకోవడం వంటిది.

ఈసీలో కనిపించనివి

బాకీ చూసి ఉలిక్కిపడ్డాక కాగితాలన్నీ తిరగేయడం మొదలుపెట్టాం. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించాం. 1983 నుంచి ఉన్న వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. ఈసీ శుభ్రంగా వచ్చింది. ఒక్క తాకట్టూ లేదు, ఒక్క అమ్మకమూ లేదు. మా బావమరిది చూసి, "ఇంకేం బావా, దారి సుగమమే" అన్నాడు.

మా పూర్వ విద్యార్థి ఒకరు న్యాయవాది. ఆయన నవ్వి, "మాస్టారూ, ఈసీ అంటే రిజిస్టరైన సంగతులు చెప్పే కాగితం మాత్రమే. రిజిస్టరు కానివి అందులో ఎలా కనిపిస్తాయి?" అన్నాడు. పన్ను బాకీ అందులో ఉండదు. వారసుల వాటాలు ఉండవు. రిజిస్టరు చేయని కరారునామాలు ఉండవు. ముఖ్యంగా మన కుటుంబాల్లో జరిగే హిబా (దానం) ఉండకపోవచ్చు. దాత ఇచ్చానని చెప్పడం, గ్రహీత స్వీకరించడం, ఆస్తి స్వాధీనం చేయడం అనే మూడు షరతులు నెరవేరితే ముస్లిముల హిబా చెల్లుతుందనీ, దాన్ని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనీ విశాఖపట్నం కుటుంబానికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇచ్చినవారికి ఇది సౌకర్యం. కొనేవారికి మాత్రం, ఇరుగు పొరుగును విచారించక తప్పదన్న హెచ్చరిక.

న్యాయవాది తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెమ్మన్నాడు. అది వచ్చాక చూస్తే అందులో ఉన్న పేర్లు రెండు కాదు, ఐదు. అన్నదమ్ములిద్దరికీ ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు.

"అడిగితే కదా అనడానికి"

పెద్దవాడిని అడిగాం. "అక్కలిద్దరూ ఊళ్ళోనే ఉన్నారు. చెబితే సంతకం పెడతారు. చిన్నది ఎక్కడో పక్క జిల్లాలో ఉంది. దాని పెళ్ళికి మేమే ఖర్చు పెట్టాం. వాటా వద్దని ఎప్పుడో చెప్పేసింది" అన్నాడు. వద్దన్నట్టు కాగితం ఏదైనా ఉందా అంటే లేదన్నాడు. ఆమె సంతకం లేకుండానే రిజిస్టరు చేయించుకోండి, ఏదైనా తగాదా వస్తే మాదే పూచీ అని రాసిస్తామన్నాడు.

ఇల్లు ఖాళీ చేయడానికి అప్పటికి ఆరు వారాలే ఉంది. పూచీకత్తు తీసుకుని కానిచ్చేద్దామా అన్న ఆలోచన మాకు రాలేదని చెబితే అది అబద్ధమే అవుతుంది. ఒక రాత్రంతా ఆ ఆలోచనతోనే గడిపాం. తెల్లవారి ఫజర్ నమాజు తర్వాత మా ఇంటావిడ, "ఆ అమ్మాయిని ఒకసారి చూసి వద్దాం రండి" అంది. బస్సెక్కాం.

ఆమె ఒక చిన్న అద్దె గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. భర్త ఆటో నడుపుతాడు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. సంగతి చెప్పాం. ఇల్లు అమ్ముతున్నారన్న విషయమే ఆమెకు తెలియదు.

"వద్దని నేనెప్పుడన్నాను సాబ్? అడిగితే కదా వద్దో కావాలో అనడానికి" అని తల వంచుకుంది. కాసేపటికి మా ఇంటావిడ వైపు తిరిగి, "నేనే అడిగానంటే పండక్కి కూడా భయ్యా వాళ్ళ గడప తొక్కనివ్వరేమో ఆపా. అందుకే నోరు మూసుకున్నాను" అంది.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఊరు దగ్గర పడుతుండగా మా ఇంటావిడ అన్నది: "ఆ ఇంట్లో జానమాజు పరిస్తే దాని కింద ఆ పిల్ల కుట్టుమిషను చప్పుడే వినిపిస్తుంది నాకు. ఆమెకు ఇవ్వవలసింది ఇప్పిస్తేనే కొందాం. లేకపోతే ఎనిమిదో అద్దె ఇల్లు చూసుకుందాం."

ఏడు భాగాలు

కూతుళ్ళ వాటా అన్నదమ్ముల దయ మీద ఆధారపడినది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 11వ ఆయత్ దాన్ని నిర్ణయించి పెట్టింది. కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. పంపకానికి ముందు చనిపోయినవారి అప్పులు తీర్చాలని కూడా అదే ఆయత్ చెబుతుంది. తల్లి వాటా కూడా ఆమె తర్వాత ఆ పిల్లలకే అదే లెక్కన చేరింది. ఇద్దరు కొడుకులకు నాలుగు, ముగ్గురు కూతుళ్ళకు మూడు, మొత్తం ఏడు భాగాలు. పదిహేడున్నర లక్షలను ఏడుతో భాగిస్తే భాగానికి రెండున్నర లక్షలు. కొడుకులకు ఐదేసి లక్షలు, కూతుళ్ళకు రెండున్నర లక్షల చొప్పున. ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. మన ఇళ్ళలో ఎందుకో పెద్దవాళ్ళు చేయలేకపోతున్నారు.

ఇది చెప్పగానే పెద్దవాడు మండిపడ్డాడు. "మాస్టారూ, మీరు ఇల్లు కొనడానికొచ్చారా, మా ఇంట్లో ఫత్వా ఇవ్వడానికొచ్చారా? బయానా వెనక్కి తీసుకోండి. ఇంకో బేరం ఉంది" అన్నాడు. సరేనని వచ్చేశాం. ఆ రెండు వారాలూ సాయంత్రం బడి వదిలాక అద్దె ఇళ్ళు వెతికాం.

పదిహేనో రోజున అతనే మసీదు దగ్గర ఎదురుపడ్డాడు. కొత్త బేరం వాళ్ళు బ్యాంకు రుణానికి వెళ్ళారట. బ్యాంకు తరపు న్యాయవాది కాగితాలు చూసి, చిన్న కూతురి సంతకం లేనిదే రుణం కుదరదన్నాడట. మేము ధర్మం పేరిట అడిగినదాన్నే బ్యాంకు చట్టం పేరిట అడిగింది. వడ్డీ సంగతి ఆలోచించి మేము బ్యాంకు రుణానికి వెళ్ళలేదు కాని, అప్పు తీసుకోనివారికి కూడా ఇది ఒక కొలబద్ద. బ్యాంకు వద్దన్న కాగితాన్ని మనమూ వద్దనుకోవడమే మేలు.

మాట, కాగితం

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. "చెల్లెలి వాటా ఇస్తాను. కాని పన్ను మీరు కడతామన్నారు, మాట మీద నిలబడండి" అన్నాడు. కరారులో రాయలేదు కనుక కట్టనవసరం లేదని న్యాయవాది చెప్పాడు. కాని అన్న మాట అన్నదే. ఇద్దరు పెద్దలు విన్నారు.

చివరికి ఇషా నమాజు తర్వాత ఆ ఇద్దరు పెద్దల సమక్షంలోనే కూర్చున్నాం. పదేళ్ళు ఆ ఇంట్లో ఉన్నది పెద్దవాడు. కట్టకుండా ఊరుకున్నదీ అతనే. అక్కచెల్లెళ్ళు ఆ ఇంట్లో లేరు, వారి వాటాలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. మేము చూసుకుంటామన్నది పన్ను, అతని ఆలస్యం కాదు. కనుక అసలు 24,000 మేము, వడ్డీ 30,240 అతను భరించేట్టు రాజీ కుదిరింది. ఈసారి కాగితం మీద రాసి అందరమూ సంతకాలు చేశాం. ఇద్దరమూ ఒకే రోజు వెళ్ళి కట్టి, రసీదు తెచ్చాం.

ఆ తర్వాత అసలైన ప్రలోభం ఎదురైంది. ఆ ఇంటికి ప్రభుత్వ లెక్కలో విలువ పదకొండు లక్షలే. దస్తావేజులో అంతే చూపి, మిగతా ఆరున్నర లక్షలు చేతికిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని దళారి సలహా. మా జిల్లాలో అప్పుడు స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిపి ఏడున్నర శాతం. పదిహేడున్నర లక్షలకు 1,31,250 రూపాయలు. తక్కువ చూపిస్తే 48,750 మిగులుతుంది. చిన్న జీతగాడికి అది చిన్న మొత్తం కాదు.

కాని కాగితం మీద పదకొండు లక్షలే ఉంటే అక్కచెల్లెళ్ళ వాటాకు లెక్క ఎక్కడినుంచి మొదలవుతుంది? పదకొండు నుంచే. దాచిన ఆరున్నర లక్షల్లో వారి పాలు కూడా దాగిపోతుంది. రేపు హక్కు విషయంలో తగాదా వస్తే మేము ఎంత ఇచ్చామని కోర్టులో చెప్పుకోగలం? పైగా స్థిరాస్తి బేరాల్లో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. వద్దన్నాం.

డబ్బు ఎలా సమకూరిందంటే, ఇన్నేళ్ళ పొదుపు పన్నెండు లక్షలు. మా ఇంటావిడ గాజులు, గొలుసు అమ్మితే మూడు లక్షలు. మా బావమరిది ఇచ్చిన ఖర్జె హసనా (వడ్డీలేని అప్పు) నాలుగు లక్షలు. ఆ అప్పుకు కూడా కాగితం రాసుకున్నాం. "మన మధ్య కాగితమేమిటి బావా" అని అతను నొచ్చుకున్నాడు. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పును గడువుతో సహా రాసుకోవడం గురించి, రాసేవాడి న్యాయబుద్ధి గురించి, సాక్షుల గురించి. ఆ సంగతి గుర్తుచేస్తే సంతకం చేశాడు.

రిజిస్ట్రేషన్ రోజు

కువైట్‌లో ఉన్న తమ్ముడు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అధికార పత్రం పంపాడు. విదేశంలో రాసిన అటువంటి పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. వేయించాం.

పేర్లు సరిచూడటానికే వారం పట్టింది. మన పేర్లు ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటాయి. ఒకచోట షేక్, ఒకచోట షేఖ్. ఒకచోట బీ, ఒకచోట బేగం. చిన్న చెల్లెలి పేరులో ఒక అక్షరం తేడా ఉంది. చెక్కు తిరిగి రాకుండా ఆమె పాసుబుక్కులో ఉన్నట్టే రాశాం.

ఆ రోజు ఐదు చెక్కులు రాశాం. వారసులందరికీ ఎవరి పేరు మీద వారికి. పెద్దవాడికి బయానా పోను నాలుగు లక్షలు. చిన్న చెల్లెలు తన చెక్కును చాలాసేపు చూసి, మడతపెట్టకుండా పిల్లవాడి పుస్తకంలో పెట్టుకుంది. పెద్దవాడు మొదట దూరంగా నిలబడ్డాడు. బయటకు వచ్చాక, "ఈ పూట ఇంటికి వచ్చి అన్నం తిని వెళ్ళు" అని ఆమెను పిలిచాడు. ఆమె వెళ్ళింది.

మరికొన్ని జాగ్రత్తలు

మా అనుభవంలోకి రానివి కొన్ని చెప్పవలసి ఉంది. జీపీఏ మీద, నోటరీ కాగితం మీద ఇల్లు కొనవద్దు. అటువంటి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. మసీదు, దర్గా పరిసరాల్లో కొనేవారు ఆ స్థలం వక్ఫ్ కాదని రూఢి చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితా చూడాలి. తెలంగాణలో 2021 జూలైలో మొత్తం రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు నుంచి ఏడున్నర శాతానికి పెరిగింది. కనుక ఇంటి ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోకూడదు. పాత కరెంటు బాకీ తీర్చనిదే కొత్త యజమానికి కనెక్షన్ ఇవ్వబోమనే షరతు విద్యుత్ సంస్థలు పెట్టవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రసీదు కూడా చూడాలి.

యాభై లక్షలు, ఆపైన విలువైన ఇల్లయితే కొనేవారే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. 2013 జూన్ నుంచి ఉన్న నియమం ఇది. అమ్మేవారి పాన్ ఆధార్‌తో జతకాక చెల్లకుండా ఉంటే ఒక శాతం కాస్తా ఇరవై శాతం అవుతుంది. ఆ తేడా కట్టమని కొన్నవారికే నోటీసు వస్తుంది.

దస్తావేజు, రసీదు, బకాయి, జప్తు, వారసు, హక్కు. తెలుగు కచేరీల్లో వినిపించే ఈ మాటలన్నీ అరబీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. పేర్లు మన నాలుక మీదే ఉన్నా, కాగితాలు మాత్రం మన పెట్టెల్లో ఉండవు. తండ్రి పోయిన ఏడాదిలోగా ఇంటి పన్ను వారసుల పేరు మీదికి మార్పించుకుని ఉంటే ఆ ఇంట్లో ముప్పై వేల వడ్డీ పెరిగేది కాదు. ఐదుగురి పేర్లూ ఆ కాగితం మీద ఉండి ఉంటే చిన్న చెల్లెలు పదేళ్ళు నోరు మూసుకుని ఉండవలసిన అవసరమూ రాకపోవును.

ఇంట్లో దిగిన మూడో నెలలో మా పేరు మీద మొదటి పన్ను రసీదు వచ్చింది. 1,200 రూపాయలు. ఏప్రిల్ మొదటివారంలోనే కట్టాం. ఆ రసీదును మా ఇంటావిడ దస్తావేజుతో పాటు అలమారాలో పెట్టి, మా ముగ్గురు పిల్లలనూ పిలిచి ఎక్కడ పెట్టిందో చూపించింది. ఇద్దరు కొడుకులతో పాటు కూతురికి కూడా.